తుప్పుపై మాటు నిలువదు

మా మామగారు మాకు విడిచిపోయిన ఆస్తిలో మిడుతూరి పెంకుటింటితోబాటు తెల్లని అంబాసిడరు కారు కూడ నొకటి యున్నది. మోటారు సంగతి స్త్రీల పత్రిక కెందులకని మీరడుగవచ్చును. ఆ బండియొక్క అడుగురేకు మా పిల్లల ప్రాణములకే ముప్పు తేబోయినది గనుక వ్రాయుచున్నాము.

ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు బండి ననుసరించి, 1950వ దశకము చివర పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా యందు హిందుస్థాన్ మోటార్సువారు అంబాసిడరును చేయ నారంభించిరి. 2014 మే నెలలో ఆ పని నిలిచిపోయినది.

గడచిన వానకాలమున నంద్యాలకు పెండ్లికి బోవుచుండగా, వెనుక కూర్చున్న పిల్లలు తలనొప్పి యనిరి. ఒకడు వాంతి చేసుకొనెను. ఎండదెబ్బ యనుకొంటిమి. ఇంటికి వచ్చి కాలిక్రింది చాప యెత్తి చూతుము గదా, అరచేయి పట్టునంత రంధ్రము! మునుపొక పనివాడు తుప్పు తీయకయే పైన తారుపట్ట యంటించి పోయినాడు. పొగగొట్టమునుండి కారు పొగ ఆ రంధ్రముగుండ లోనికి వచ్చుచుండెను. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ప్రాణవాయువు చోటు నాక్రమించి, తలనొప్పితో మొదలై, స్పృహ తప్పించి, ప్రాణమే తీయగలదు.

ఆ వారముననే ఒకరు బండి కొందుమని వచ్చిరి. పుట్టీ పూసి, రంగు వేసి యిచ్చివేయుడని చుట్టములు చెప్పిరి. మా అత్తగారు మాత్రము, “మన బిడ్డలు కూర్చుండరాని చోట పరుల బిడ్డలను కూర్చుండబెట్టుదుమా?” అనిరి. బేరము అంతటితో ముగిసినది.

రాగిపాత్రకు పట్టిన చిలుము లోని లోహము నంటిపెట్టుకొని కొంత కాపాడును. ఇనుపతుప్పు అట్టిది కాదు. ఉబ్బి, పొరలుగా లేచి, తేమను పీల్చి లోలోపలికి తినివేయును. ఉప్పు తగిలినచో మరియు వేగము. మా బండి క్రింద రేగడిబురద గట్టిపడి తడిని పట్టియుంచినది. డిక్కీ మూత రబ్బరు పగిలి వాననీరు దిగినది. అందులో మోసిన ఎరువుల సంచులనుండి రాలిన లవణములు తోడైనవి. డిక్కీ అడుగు జల్లెడయైనది.

నంద్యాలలో టింకరింగు మేస్త్రీ మొదట సీట్లు, చాపలు తీసి, బ్యాటరీ తీగ విప్పి, పెట్రోలు ట్యాంకు దూరముగా పెట్టించెను. నిప్పురవ్వ పడిన చాలును గదా! తరువాత సుత్తితో తట్టుచు, ఖంగుమని మ్రోగు గట్టి రేకు వచ్చువరకు కోసివేసెను. అంబాసిడరునకు లారీకివలె వేరుచట్రము లేదు. అడుగు, ప్రక్కలు, కప్పు ఏకశరీరము. అందుచే తలుపుల సందులకు ఇనుపకడ్డీలు బిగించి, ఒక ప్రక్క ముగించిన పిదపనే రెండవది కోసెను. లేనిచో బండి వంగును, తలుపులు పడవు.

18 గేజి, అనగా సుమారు 1.2 మిల్లీమీటర్ల రేకును కొలతకు కోసి, గట్టితనమునకై గాడులు పెట్టి, అక్కడొక చుక్క ఇక్కడొక చుక్కగా వెల్డింగు చేసెను. ఏకధాటిగా కాల్చిన రేకు మెలితిరుగునట. పిమ్మట ప్రైమరు, అతుకులలో సీలెంటు, క్రింద మందపు పూత వేసి, నీరు జారు రంధ్రములను మూయక విడిచెను. డిక్కీకి క్రొత్త రేకుతోబాటు క్రొత్త రబ్బరును వేయించితిమి. నీరు వచ్చు దారి మూయకున్న క్రొత్తరేకునకును పాతగతియే.

గాజులకై దాచిన సొమ్ము దీనికే సరిపోయెను. చింత లేదు. ఇప్పుడు పిల్లలు వెనుకసీటున పాటలు పాడుకొనుచున్నారు.

మీ యింట పాతబండి యున్నచో వానలు వెలిసినంతనే చాపలెత్తి ఎండలో వేయుడు. అడుగురేకును బొటనవ్రేలితో నొక్కి చూడుడు. ప్రయాణమున పొగవాసన తగిలినను, పలువురికి ఒకేసారి తల నొచ్చినను, వెంటనే బండి నాపి అందరును వెలుపలి గాలికి రండు. ఓటికుండకు మాటు వేయువాడును ముందు అంచులు గీకి శుభ్రపరచును. పైన పటారము లోన లొటారమైన బండిలో మాత్రము బిడ్డలను కూర్చుండబెట్టకుడు.