వీపున మోసే ఊపిరి

గాలికి బరువు ఉంటుందని పాఠశాలలో మనమందరం చదువుకొన్నాం. ఆ బరువును వీపున మోసినవారికి తప్ప తక్కినవారికి అది అనుభవంలోకి రాదు. గ్యాస్ భద్రతా విభాగంలో చిరకాలం సేవలందించి పదవీ విరమణ చేసిన ఒక మిత్రుని ఇంటికి ఇటీవల మేము వెళ్లినప్పుడు, అనుకోకుండా ఈ విషయమే ప్రస్తావనకు వచ్చింది.

ఆయన కుమారుడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు దినాల్లో స్నేహితులతో కలిసి ‘ఎయిర్‌సాఫ్ట్’ అనే ఆట ఆడుతుంటాడు. కళ్లకు రక్షణ కవచాలు ధరించి, చిన్న ప్లాస్టిక్ గుండ్లను పేల్చే తుపాకులతో రెండు జట్లు తలపడే యుద్ధక్రీడ ఇది. కొందరి తుపాకులు సంపీడిత వాయువుతో పనిచేస్తాయి. సుమారు ఒక లీటరు పరిమాణం గల సిలిండర్‌లో 200 నుంచి 300 బార్ల పీడనంతో గాలి నింపి, సంచిలో పెట్టి వీపున తగిలించుకొంటారు. రెగ్యులేటర్ వద్ద పీడనం బాగా తగ్గిన గాలి సన్నని గొట్టం వెంట తుపాకీకి చేరుతుంది.

ఆ వేషంలో తీయించుకొన్న ఫోటోను కుమారుడు పంపగా, తండ్రి దృష్టి ముందుగా ఆ సంచి మీదనే పడింది. “ఒరే, సంచి అలా వేలాడుతోందేమిటి? నడుముకు పట్టీ లేదా?” అని ఫోనులో అడిగారట. “లేదు నాన్నా. గంటసేపు పరుగెత్తేసరికి భుజాలు లాగేస్తున్నాయి. సిలిండర్ వెన్నుకు కొట్టుకుంటోంది” అని సమాధానం వచ్చింది. ఈ సంభాషణను మాకు వినిపిస్తూ ఆయన కొంతసేపు మౌనం వహించి, తమ ఉద్యోగ జీవితంలోని ఒక సంఘటనను చెప్పుకొచ్చారు.

నిచ్చెన కింద వదిలిన సెట్టు

చాలా ఏళ్ల క్రితం బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ ప్రవహించే పైపులైను మీద ఒక వాల్వును పరిశీలించడానికి ఆయన పైకి ఎక్కవలసి వచ్చింది. మనవారు బి.ఏ. సెట్ అని పిలిచే శ్వాస పరికరం ఆనాడు ఉక్కు సిలిండర్‌తో కలిపి సుమారు 15 కిలోలు తూగేది. పట్టీలు మెడ పక్కన కోసుకుపోతున్నాయి. మెట్టు మెట్టుకూ సిలిండర్ ఊగి మనిషిని వెనక్కి లాగుతోంది. “రెండు నిమిషాల పనే కదా” అనుకొని ఆయన సెట్టును నిచ్చెన కిందనే దించి పైకి వెళ్లారు. వాల్వు వద్దకు చేరిన కొద్దిసేపటికే తల దిమ్మెక్కి, కాళ్లలో సత్తువ పోయింది. కిందనున్న సహచరుడు కనిపెట్టి కేక వేయగా, సెట్లు ధరించిన ఇద్దరు ఆయనను కిందికి దించారు. వెంటనే ఆక్సిజన్ అందించి ఆసుపత్రికి చేర్చడంతో ప్రాణం దక్కింది.

“నియమం తెలియక కాదండీ, భుజం నొప్పి ఓర్చుకోలేక చేసిన పని అది” అన్నారాయన.

బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో దాదాపు అయిదో వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా కలుస్తుంది. కనుక అపాయం తెలిసేసరికి పరుగెత్తే శక్తి మిగలదు. అటువంటి చోట వీపున ఉన్న గాలి మాత్రమే మనిషికి ఆధారం.

నాసా చెప్పిన పాఠం

బరువుకు జడిసి పరికరాన్ని వదిలివేయడం మన మిత్రుని విషయంలోనే జరిగింది కాదు. అమెరికాలో ఒకప్పుడు అగ్నిమాపక సిబ్బంది ధరించే శ్వాస పరికరం 30 పౌండ్లకు పైగా, అంటే సుమారు 14 కిలోలు ఉండేది. దాన్ని మోసే అలసట కంటే పొగను భరించడమే మేలని ఎందరో భావించి, ధరించడం మానివేశారు. ఈ సమస్యను పరిష్కరించడానికి 1971లో నాసా సంస్థ పూనుకొన్నది. ఆ కృషికి కేంద్రమైన హ్యూస్టన్ నగరం, మన మిత్రుని కుమారుడు నివసిస్తున్న టెక్సాస్ రాష్ట్రంలోనే ఉండడం విశేషం. రాకెట్ మోటారు కవచాల నిర్మాణంలో గడించిన పరిజ్ఞానంతో, అల్యూమినియం మీద గాజునార చుట్టిన తేలికైన సిలిండర్ రూపొందింది. 1974, 75 సంవత్సరాల్లో హ్యూస్టన్, న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ నగరాల్లో దాన్ని పరీక్షించారు. మొత్తం బరువు మూడో వంతు మేరకు తగ్గింది. మరొక ముఖ్యమైన మార్పు కూడా చేశారు: బరువును భుజాల మీది నుంచి నడుముకు మళ్లించారు.

ఈ రెండో సూత్రం మన ఆడపడుచులకు కొత్తది కాదు. నీళ్ల బిందె నడుమున ఆనుతుంది. చంటిబిడ్డ నడుమున కూర్చుంటాడు. భుజం కండరం త్వరగా అలసిపోతుంది. తుంటి ఎముక మీద ఆనిన బరువు నేరుగా కాళ్లకు దిగుతుంది.

ధరించే పద్ధతి

ముందుగా పట్టీలన్నీ వదులు చేసుకోవాలి. సెట్టును వీపున వేసుకొని, కొద్దిగా ముందుకు వంగి, వెన్నుపలకను సరైన చోట కుదుర్చుకోవాలి. భుజాల పట్టీలు లాగిన పిదప, నడుము పట్టీని తుంటి ఎముకల మీదుగా గట్టిగా బిగించాలి. అప్పుడు భుజాల పట్టీలను ఒకింత సడలిస్తే బరువు కిందికి దిగుతుంది. సిలిండర్ వెన్నుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ఎడంగా ఉంటే మనిషిని వెనక్కి లాగుతుంది. తల పైకెత్తినప్పుడు హెల్మెట్ సిలిండర్‌కు తగలకూడదు. పట్టీల కొసలు వేలాడితే నిచ్చెన మెట్లకు, వాల్వు చక్రాలకు చిక్కుకొనే ప్రమాదం ఉంది కనుక వాటిని లోపలికి దోపుకోవాలి. పొడగరికి సరిపోయినట్లు బిగించిన సెట్టు పొట్టివారికి సరిపోదు. ఎవరికి వారు సరిచేసుకోవాలి.

సౌకర్యానికీ గాలి లెక్కకూ సంబంధం ఉంది. 6 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ల వద్ద సుమారు 1800 లీటర్ల గాలి ఉంటుంది. ఆ గాలి బరువే సుమారు రెండు కిలోలు ఉంటుంది! నిమిషానికి 40 లీటర్లు పీల్చే వ్యక్తికి అది 45 నిమిషాలు వస్తుంది. బరువుతో పెనుగులాడుతూ నిమిషానికి 60 లీటర్లు పీల్చేవారికి 30 నిమిషాలే. ఇందులోనే తిరిగి వచ్చే దారికి గాలి మిగుల్చుకోవాలి. సుమారు 50 బార్ల వద్ద ఈల మోగే వరకు వేచి ఉండక, గేజిని తరచు చూసుకొంటూ ముందే వెనుదిరగడం వివేకం.

మన మిత్రుడు కుమారునికి ఇవే మాటలు చెప్పారు. నడుము పట్టీ ఉన్న సంచి కొనమనీ, సిలిండర్ కదలకుండా వెన్నుకు ఆనించి కట్టమనీ, గొట్టాన్ని చంక కిందుగా తెచ్చుకోమనీ సూచించారు. మరుసటి వారం ఆట ముగిశాక “ఇప్పుడు సిలిండర్ ఉన్నట్టే లేదు నాన్నా” అని ఫోను వచ్చిందట.

ఆటలో భుజం నొప్పి పుడితే పక్కకు వెళ్లి కూర్చోవచ్చు. గ్యాస్ ఉన్న చోట ఆ వెసులుబాటు లేదు. కనుక పట్టీ కోసుకుపోతున్నా, బకిల్ జారిపోతున్నా, “ఎలాగో సర్దుకుందాం” అనుకోకుండా, పనిలోకి దిగకముందే అధికారికి తెలియజేసి సెట్టు మార్పించుకోవాలని సోదర ఉద్యోగులకు మా మనవి. ఇంటివారు కూడా డ్యూటీకి బయలుదేరే వేళ టిఫిన్ డబ్బా అందిస్తూ, “నడుము పట్టీ సరిగా బిగించుకొంటున్నారా?” అని ఒక్క మాట అడిగితే మేలు చేసినవారవుతారు. మన మిత్రుని శ్రీమతి పదవీ విరమణ నాటి వరకు ప్రతిరోజూ ఆ మాట అడిగారట.