టర్బైన్ ఒక మాట, ఇంజిన్ ఒక మాట

డాలస్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా పాత షెవర్లే సిల్వరాడోలో ఎక్కువ స్టాల్ ఉన్న టార్క్ కన్వర్టర్ వేయించాను. బండి బాగా లాగుతోంది. కానీ గేరు మారేటప్పుడు కుదుపు వారం వారం పెరుగుతోంది. కన్వర్టర్ పాడైందా?"

ఆ "వారం వారం" అన్న మాటలోనే జవాబుంది.

ముందుగా కన్వర్టర్ సంగతి. ఇంజిన్‌తో తిరిగే పంపు ఆయిల్‌ను చిమ్ముతుంది, ఆ తాకిడికి గేర్‌బాక్స్ వైపు టర్బైన్ తిరుగుతుంది. 1905లో జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫోటింగర్ దీనికి పేటెంట్ తీసుకున్నది ఓడల కోసం. ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన లెక్క ఒకటుంది. పంపు మోసే టార్క్ దాని వ్యాసానికి అయిదో ఘాతంలో, వేగానికి వర్గంలో మారుతుంది. రెక్కల తీరు మార్చకుండా 12 అంగుళాల కన్వర్టర్ తీసి 10 అంగుళాలది వేస్తే, అదే వేగం దగ్గర మోసేది 40 శాతమే! అదే టార్క్ మోయాలంటే 1900 ఆర్‌పీఎం చాలినచోట 3000 కావాలి. ఇలా ఎక్కువ వేగం దగ్గర గానీ పట్టు దొరకని 'వదులు' కన్వర్టర్‌నే ఎక్కువ స్టాల్ ఉన్నది అంటారు.

ఇప్పుడు గేరు మారుద్దాం. ఆ బండ్లలో ఎక్కువగా వచ్చిన 4ఎల్60ఈ గేర్‌బాక్స్‌లో మొదటి గేరు నిష్పత్తి 3.06, రెండోది 1.63. టర్బైన్ 6000 దగ్గర ఉండగా రెండో గేరు పడితే, చక్రాల వేగం అంతలో మారదు కనుక, టర్బైన్ 3200కి దిగి తీరాలి. ఇంజిన్ దిగనక్కర్లేదు. వదులు కన్వర్టర్‌లో జారుతూ చాలా పైనే నిలబడుతుంది.

పాత 4ఎల్60ఈలో టర్బైన్ వేగం కొలిచే సెన్సర్ లేదు. కంప్యూటర్ ఇంజిన్ వేగాన్ని చూసే ఊహించుకుంటుంది. ఆర్‌పీఎం అనుకున్నంత పడకపోయేసరికి, డ్రమ్మును పట్టి ఆపి రెండో గేరు వేసే బ్యాండు జారుతోందనుకుని, వచ్చేసారికి ఆయిల్ ఒత్తిడి పెంచుతుంది. అప్పుడూ పడదు, మళ్ళీ పెంచుతుంది. కుదుపు పెరిగేది అందుకే. కన్వర్టర్ బాగానే ఉంది.

మెత్తగా మారితే గేర్‌బాక్స్‌కు మంచిదని చాలామంది నమ్మకం. అది తప్పు. తిరిగే డ్రమ్మును బ్యాండు ఎంత సేపు జారుతూ పట్టుకుంటే లైనింగ్ అంత కాలుతుంది. గట్టిగా మారితే చాలనుకునేవారిదీ తప్పే. డ్రమ్మును సన్ గేరుకు కలిపే పలుచని సన్ షెల్ ఆ దెబ్బలకే విరుగుతుంది. ఈ గేర్‌బాక్స్‌కు అది పేరుమోసిన బలహీనత.

నా గోడు ఒకటే: కుదుపు రాగానే, లేదా మెత్తదనం నచ్చక, కొలత సరిచూడకుండా ఒత్తిడి మీద చెయ్యి వేస్తారు. ముందు కంప్యూటర్ నేర్చుకున్న సవరణలు చెరిపి, కొత్తగా నేర్చుకోవడం ఆపాలి. తర్వాత యాక్సిలరేటర్ బాగా తొక్కే చోట మాత్రమే ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచాలి, మామూలు నడకలో ఫ్యాక్టరీ విలువలే ఉంచాలి. జారుడు వల్ల ఆయిల్ వేడెక్కుతుంది కనుక పెద్ద కూలర్ తప్పనిసరి.