వరి మడి గాలి లెక్క

యాసంగి నాట్లు పడ్డ నెల రోజులకు, కోరుట్ల దగ్గర మా పొలంలో కలుపు తీయడానికి దిగితే అడుగు పడ్డచోటల్లా బుడబుడమని బుడగలు లేస్తాయి. అందులో ఉండేది మీథేన్. జగిత్యాలలో కెమిస్ట్రీ చెప్పే నాకు, ఆ గ్యాసు పేరెత్తగానే పుస్తకం కంటే ముందు ఆ బురదే గుర్తొస్తుంది.

నీళ్లు నిలిచిన మట్టికి గాలి తగలదు. అక్కడ పాత కొయ్యకాళ్లు, పెంట ఎరువు కుళ్లుతుంటే సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. బుడగలుగా వచ్చేది కొంతే. చాలావరకు వరి మొక్క లోపలి బోలు దారుల గుండా చడీచప్పుడు లేకుండా గాలిలో కలుస్తుంది. వంద కోట్ల గాలి అణువుల్లో మీథేన్‌వి ఇప్పుడు 1,900 పైచిలుకు. 1750 ప్రాంతంలో 700 పైచిలుకే. నూరేళ్ల లెక్కన చూస్తే, మీథేన్ టన్నుకు టన్ను కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

దీన్ని కొలవడానికి వరి కుదుళ్ల మీద అక్రిలిక్ పెట్టె బోర్లిస్తారు. బురదలో దింపిన చట్రం గాడిలో నీళ్లు పోస్తే లోపలి గాలి బయటికి పోదు. లోపల చిన్న బ్యాటరీ ఫ్యాను తిరుగుతూ గాలిని కలుపుతుంది. పెట్టగానే ఒకసారి, తర్వాత పావుగంటకోసారి సిరంజితో గాలి లాగి, ల్యాబులో గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కు ఎక్కిస్తారు. మీథేన్ ఎంత వేగంగా పెరిగిందో చూసి, చదరపు మీటరుకు గంటకు ఎంతో తేలుస్తారు. పిలకలప్పుడు ఒక తీరు, పొట్టకొచ్చినప్పుడు ఇంకో తీరు. అందుకే నాటు నుంచి కోత దాకా కొలుస్తూనే ఉండాలి.

ఈ ఓపిక మన దేశానికి ఎంత మేలు చేసిందో చాలామందికి తెలియదు. భారత వరి పొలాలు ఏటా 3.7 కోట్ల టన్నులకు పైగా మీథేన్ వదులుతున్నాయని 1990లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా వేసింది. అది వేరే దేశాల పొలాల్లో కొలిచిన అంకెలను మన విస్తీర్ణంతో గుణించిన లెక్క. 1991లో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ శాస్త్రవేత్త ఎ.పి. మిత్ర నాయకత్వంలో మనవాళ్లు మన మడుల్లోనే పెట్టెలు పెట్టి కొలిచారు. తేలింది దాదాపు 40 లక్షల టన్నులు! ఆ పెట్టెలు లేకపోతే చేయని తప్పుకు మన రైతు ప్రపంచం ముందు దోషిగా నిలబడేవాడు.

అట్లని చేతులు కడుక్కోలేం. జగిత్యాల, కోరుట్ల పొలాలకు శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) నీళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. మిడ్ మానేరు జలాశయం నిండాక సిరిసిల్ల వైపూ వరి పెరిగింది. బోరుకు ఆటో స్టార్టర్ పెట్టి, కరెంటు ఉన్నంతసేపు పారబెట్టే అలవాటు మా దగ్గర బాగా ఉంది. మడిని అప్పుడప్పుడు ఆరనిస్తే మట్టికి గాలి తగిలి మీథేన్ దాదాపు సగానికి పడిపోతుంది. కానీ భూమిని వేడెక్కించే ఇంకో గ్యాసు, నైట్రస్ ఆక్సైడ్, కొంత పెరుగుతుంది కాబట్టి దాన్నీ కొలవాలి.

"నీళ్లు ఆరితే గింజ తాలు పోదా బిడ్డా?" అని బాపు భయం. మడిలో రంధ్రాల పైపు పాతి, అందులో నీళ్లు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి పోయాకే మళ్లీ పెట్టాలని, పూత సమయంలో మాత్రం మడి ఆరనీయొద్దని చెప్పాను. ఈ యాసంగికి ఒక మడిలో పైపు పాతాం. ఇట్లా మడి ఆరబెట్టి మీథేన్ తగ్గిస్తే కార్బన్ క్రెడిట్ డబ్బులొస్తాయని ఊళ్లో మాట నడుస్తోంది. ఎవరన్నా కాగితాలు పట్టుకొని వస్తే, ఏ పొలంలో, ఎన్ని పెట్టెలతో కొలిచారో అడిగాకే సంతకం పెట్టమన్నాను.