తెర పెద్దదా? లోపలి మెదడు గట్టిదా?

ఒకప్పుడు మన ఇండ్లలో పెద్ద ఖర్చు అంటే ఎడ్ల జత, కుట్టు మిషను, ఆ తరువాత సైకిలు, టీవీ. నేడు ఆ వరుసలోనికి సెల్‌ఫోను కూడా వచ్చి చేరినది. బ్యాంకు ఖాతా, గ్యాసు బుకింగు, మిర్చి ధర, పిల్లల పాఠములు, దూరదేశమందున్న కొడుకు ముఖము, ఇవన్నియు ఆ చిన్న పలకలోనే యున్నవి. కూలి డబ్బులు కూడబెట్టి పది పన్నెండు వేలు పోసి కొన్న వస్తువు నాలుగైదేండ్లు నిలువవలెను. రెండేండ్లకే అది నత్తనడక పట్టినచో నష్టపోవునది కంపెనీ కాదు, మనమే.

మేము ఇండ్లకు వెళ్లినపుడు, "అయ్యగారూ, ఏ ఫోను కొనమంటారు?" అని అనేకులు అడుగుచుందురు. దుకాణములో వారికి వినబడిన మాటలు రెండే: "తెర పెద్దదండీ", "ఎనిమిది కోర్ల ప్రాసెసరండీ". ఈ రెండు మాటలలో ఏది ఎంత బరువు తూగునో నిదానముగా చూచుదము.

అంగుళముల వెనుక సంగతి

2007లో వచ్చిన మొదటి ఐఫోను తెర 3.5 అంగుళములు. 2011లో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 5.3 అంగుళములతో వచ్చినపుడు, ఇంత పెద్దది జేబులో ఎట్లు పట్టునని పలువురు నవ్విరి. నేడు 6.5 అంగుళములు సాధారణమైపోయినది.

అయితే ఈ అంగుళములు వెడల్పు కాదు, ఎత్తు కాదు. తెరను ఒక మూలనుండి ఎదుటి మూలకు ఏటవాలుగా కొలిచిన కొలత ఇది. పాత ఫోనుల తెర 16:9 పాళ్లలో నుండెడిది. ఇప్పటివి ఎక్కువగా 20:9 పాళ్లలో సన్నగా, పొడవుగా నుండును. లెక్క కట్టి చూడండి. 16:9 పాళ్లలో 5.5 అంగుళముల తెర వెడల్పు సుమారు 6.8 సెంటీమీటర్లు. 20:9 పాళ్లలో 6.5 అంగుళముల తెర వెడల్పు కూడా సుమారు 6.8 సెంటీమీటర్లే! పెరిగినది పొడవు మాత్రమే. ఒక అంగుళము పెరిగినదని సంతోషించి కొనిన తరువాత, వరుసకు పట్టు అక్షరములు పెరుగలేదేమని ఆశ్చర్యపడనక్కరలేదు.

కొలతకంటె మన కంటికి ముఖ్యమైనవి రెండున్నవి. మొదటిది చుక్కల సంఖ్య. తెరమీది బొమ్మ అంతయు చిన్న చుక్కలతో ఏర్పడును. హెచ్‌డీ ప్లస్ తెరలో సాధారణముగా 720 × 1600, అనగా 11 లక్షల 52 వేల చుక్కలు. ఫుల్ హెచ్‌డీ ప్లస్ తెరలో 1080 × 2400, అనగా 25 లక్షల 92 వేలు. మన తెలుగు అక్షరమునకు పైన గుడి, క్రింద ఒత్తు ఉండును. సన్నని అక్షరములు చదువునపుడు ఈ తేడా కనబడును. రెండవది వెలుగు. నీడలో మెరిసిన తెర కళ్లములోని ఎండకు నల్లని అద్దమువలె మారవచ్చును. పొలములో ఫోను వాడువారికి అర అంగుళము ఎక్కువ కంటె వెలుగు ఎక్కువ యుండుటే మేలు.

కోర్లు లెక్కపెట్టిన చాలదు

ప్రాసెసరు ఫోనుకు మెదడు వంటిది. అందులో పనిచేయు భాగములను కోర్లు అందురు. ఎనిమిది కోర్లున్నవని చెప్పినంత మాత్రాన చాలదు. ఎద్దులు ఎనిమిదే, అయితే అవి కోడెలా, ముసలి ఎద్దులా అని అడుగవలెను గదా!

ఒక ఉదాహరణ చూడండి. మీడియాటెక్ హీలియో పి35 అను ప్రాసెసరులో ఎనిమిది కోర్లు. వాటి గరిష్ఠ వేగము 2.3 గిగాహెర్ట్‌జ్. క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 695లో కూడా ఎనిమిది కోర్లే; గరిష్ఠ వేగము 2.2 గిగాహెర్ట్‌జ్. అట్టపెట్టె మీది అంకెలు చూచినవారు మొదటిదే మేలందురు. వాస్తవమునకు మొదటిదానిలోని ఎనిమిదియు 2012లో ప్రకటింపబడిన కోర్టెక్స్ ఎ53 నమూనా కోర్లు. అవి తక్కువ విద్యుత్తుతో చిన్న పనులు చేయుటకు ఉద్దేశింపబడినవి. రెండవదానిలో 2020లో ప్రకటింపబడిన కోర్టెక్స్ ఎ78 నమూనాపై ఆధారపడిన పెద్ద కోర్లు రెండు, చిన్నవి ఆరు. పెద్ద పనికి పెద్దవి, చిన్న పనికి చిన్నవి లేచును. కాబట్టి రెండవదే చాలా ముందుండును. ఈ రెండును ఇప్పటికి పాతబడినవే గాని, అవి నేర్పు పాఠము పాతబడలేదు: కోర్ల సంఖ్య కాదు, ప్రాసెసరు పూర్తి పేరు అడిగి తెలిసికొనవలెను.

ర్యామ్ విషయములోను జాగ్రత్త అవసరము. "16 జీబీ ర్యామ్" అని పెద్ద అక్షరములతో వ్రాసి, ప్రక్కన చిన్న అక్షరములతో "8 + 8" అని వ్రాయుట కలదు. అందులో అసలు ర్యామ్ 8 మాత్రమే. తక్కినది ఫోటోలు దాచుకొను స్థలమునుండి అరువు తెచ్చినది. అది అసలు ర్యామ్ అంత వేగముగా పనిచేయదు.

రెండింటికీ పొత్తు కుదరవలెను

తెర వేరు, ప్రాసెసరు వేరు అని తలంచరాదు. చుక్కలు రెండింతలకు పైగా పెరిగినపుడు వాటిని గీయు పనియు పెరుగును. తెర సెకనుకు 60 సార్లు కాక 120 సార్లు మారునదైతే పని ఇంకను పెరుగును, బ్యాటరీ ఖర్చును పెరుగును. బలహీనమైన ప్రాసెసరుకు గొప్ప తెర తగిలించుట మూడు హార్స్‌పవర్ మోటారుతో పది ఎకరములు తడపబోయినట్లుండును. నీరు పారును గాని చివరి మడి తడియదు.

ఎవరి కొరకు కొనుచున్నాము?

అమ్మమ్మ కొరకైతే, అనగా ఫోను మాటలకు, వీడియో కాలుకు, పాటలకు మాత్రమే వాడుదురనుకొనినచో, వెలుగుగల పెద్ద తెర, గట్టిగా వినబడు స్పీకరు చూడండి. ప్రాసెసరు మధ్యస్థముగా నున్నను సరిపోవును. చత్వారము వచ్చినవారికి సెట్టింగులలో అక్షరములు పెద్దవి చేసి ఇవ్వండి. బరువు కూడా చూడండి. వణకు చేతికి పెద్ద ఫోను భారమే.

కాలేజీ చదువు కుమార్తె కొరకైతే ప్రాసెసరుకు, ర్యామ్‌కు మొదటి చోటు ఇవ్వండి. పాఠము వినుచు, నోట్సు తెరచి, పరీక్ష ఫారము నింపునపుడు ఫోను నిలిచిపోయినచో తెర ఎంత పెద్దదైనను ఉపయోగము లేదు.

ఇల్లంతటికీ ఒకటే ఫోనైతే? మా అభిప్రాయములో ప్రాసెసరే ముందు. కారణము ఇది: తెర కొంచెము చిన్నదైనచో అక్షరము పెంచుకొనవచ్చును, ఫోనును అడ్డముగా త్రిప్పి చూడవచ్చును. ప్రాసెసరు మాత్రము లోపలి పలకకు అతికింపబడి యుండును. దానిని మార్చి పెద్దది వేయించుకొనుట కుదరదు. యాప్‌లు ఏటేట బరువెక్కుచుండును. నేడు అంతంతమాత్రముగా నడచునది మూడేండ్లకు ఎట్లు నడచును?

దుకాణములో చేయవలసినవి

తొందరపడకండి. చూపించుటకు పెట్టిన ఫోను చేతికి తీసికొని, ఒంటిచేతి బొటనవ్రేలు తెర పైఅంచు వరకు అందునో లేదో చూడండి. గుమ్మము బయటికి తెచ్చి ఎండలో చదవండి. నాలుగైదు యాప్‌లు వరుసగా తెరచి, మొదటిదానికి తిరిగి వెళ్లండి. అది మొదటినుండి మరల తెరచుకొనినచో ర్యామ్ చాలుట లేదని గ్రహించండి.

తరువాత మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని సంవత్సరములు భద్రతా అప్‌డేట్లు ఇచ్చెదరు? తెర పగిలినచో క్రొత్తది వేయుటకు ఎంత అగును? అమోలెడ్ తెరల మరమ్మతు సాధారణముగా ఎల్‌సీడీ కంటె ఖరీదు. వాయిదాలలో కొనినచో ప్రాసెసింగు ఫీజుతో కలిపి మొత్తము ఎంత కట్టవలెను? "వడ్డీ లేదు" అను మాట విని ఊరుకొనక, కాగితము మీద మొత్తము వ్రాయించండి.

బిల్లు తప్పక తీసికొనండి. ఫోనులో *#06# నొక్కగా కనబడు 15 అంకెల ఐఎమ్ఈఐ సంఖ్య బిల్లు మీద, పెట్టె మీద ఒకటిగానే యుండవలెను. వాడిన ఫోను కొనువారు ఆంగ్ల అక్షరములలో కేవైఎం అని వ్రాసి, ఖాళీ వదలి, ఆ సంఖ్యను 14422కు ఎస్సెమ్మెస్ పంపి వివరములు చూచుకొనవచ్చును. కేంద్ర ప్రభుత్వము 2023లో ప్రారంభించిన సంచార్ సాథీ ద్వారా కూడా ఈ వీలు కలదు.

చివరిగా ఒక్క మాట. ప్రక్కింటివారి ఫోను కొలతను బట్టి మన ఫోను కొనవద్దు. బయలుదేరక ముందే ఇంటిల్లిపాది కూర్చుండి, ఎవరు వాడుదురు, దేనికి వాడుదురు, ఎంతవరకు పెట్టగలము అని ఒక చీటీ మీద వ్రాసికొనండి. దుకాణములో మాటలు ఎక్కువైనపుడు ఆ చీటీ తీసి చదువుకొనండి.