రోగి చిట్టాకు స్వామి యెవ్వరు?

నడిగడ్డ పల్లెనుండి గద్వాల ఆసుపత్రికి వచ్చు కూలివాని సంచిలో నేమున్నది? మందుల చీటీలు, రక్తపరీక్ష కాగితములు, మడతపడిన ఎక్స్‌రే. వలసపోయిన నాడు ఆ సంచి ఇంటనే మిగులును. పూనాలోని వైద్యుడు పరీక్షలన్నియు మరల మొదలుపెట్టించును. ఈ చిక్కును దీర్పనెంచి కేంద్ర ప్రభుత్వము 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతట ప్రారంభించినది. కోరినవారికి పదునాలుగంకెల ఆభా సంఖ్య నిచ్చి, వేర్వేరు ఆసుపత్రులలోని చిట్టాలను దానితో ముడివేయుచున్నారు. ఏర్పాటు మంచిదే, మేము నిరసింపము.

అయితే చిట్టా ఒకచోటినుండి వేరొకచోటికి పోవుటకు రోగి సమ్మతి వలయును. ఆ సమ్మతి సెల్‌ఫోనులో నొక్కెడి మీట. నేటి గద్వాల జిల్లా సీమలో 2011 జనాభా లెక్కలనాటికి అక్షరాస్యులు సగమైనను లేరు. నాగర్‌కర్నూలు జిల్లా నల్లమలలో ఫోను సరిగా పలుకని చెంచు పెంటలున్నవి. మీట నొక్కువా డెవ్వడు? కొడుకో, పొరుగువాడో, కిటికీ వెనుకనున్న గుమాస్తాయో! పట్టాదారు పాసుపుస్తకమును, వ్రేలిముద్ర వేసిన తెల్లకాగితమును గుమాస్తా చేతికిచ్చి ఇంటికి పోవు రైతు మనలో నున్నాడా? క్షయయో, మూర్ఛయో ఉన్నదను మాట వనపర్తి అంగడిలో పొక్కిన, కూలివానికి పని, కన్నెకు పెండ్లి తప్పును. పొలమైనను వ్యాజ్యమాడి తెచ్చుకొనవచ్చును. పొక్కిన మాట మరలిరాదు.

ఇది వట్టి భయము కాదు. 2009-10లో ఖమ్మం జిల్లా గిరిజన బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరు నివారణ టీకా వేసిన ఉదంతమును పార్లమెంటరీ సంఘము విచారించి 2013లో నివేదిక నిచ్చినది. 9,543 సమ్మతి పత్రములలో 2,763 హాస్టలు వార్డెనులు సంతకము చేసినవి, 1,948 వ్రేలిముద్రలు. కాగితమున జరిగినది తెరపై జరుగదనుట కాధారమేమి?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమ్మతి నోటీసు తెలుగున సైతము లభింపవలెనన్నది. మేలే, చదువలేనివానికి మాత్రము తెలుగు ఇంగ్లీషులు రెండును నొక్కటే. నియమావళి 2025 నవంబరున వెలువడినను, ముఖ్యవిధులకు పదునెనిమిది మాసముల గడువిచ్చిరి. తప్పుచేసిన సంస్థకు దండన 250 కోట్ల రూపాయలవరకు నుండవచ్చును. ఆ ధనమంతయు సర్కారు ఖజానాకే. గుట్టు పోగొట్టుకొన్న రోగికి ఆ చట్టమున పరిహారము లేదు.

వనపర్తి, నాగర్‌కర్నూలులందు 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. వాని ఆసుపత్రులలో నోటీసును బిగ్గరగా చదివి, రోగి నోట ఔననిపించుకొనుటకు ఒక మనిషిని నియమింపలేరా? ఆభా స్వచ్ఛందమని మిషన్‌వారే చెప్పుచున్నారు. సంఖ్య లేకున్నను చికిత్స యాగదని చీటీల కిటికీపై వ్రాయించుటకు ఎంత రంగు కావలయును?