గో, వెంట్, గాన్... మరి రేపటి మాటేమిటి?

ఇంగ్లీషులో ఇర్రెగ్యులర్ వెర్బ్‌లంటే చాలామందికి బడి రోజుల నుంచే బెరుకు. వీ1, వీ2, వీ3 అంటూ పట్టిక బట్టీ పట్టినా, ఫ్యూచర్ టెన్స్ దగ్గరికి వచ్చేసరికి ఏది వాడాలో తేలదు. 'గో'నే తీసుకుని చూద్దాం: వీ1 'గో', వీ2 'వెంట్', వీ3 'గాన్'.

అపోహ: క్రియ ఇర్రెగ్యులర్ అయితే భవిష్యత్కాలంలోనూ రూపం మారిపోతుంది.

వాస్తవం: 'గో' దారి తప్పేది వీ2, వీ3ల్లోనే. అసలు 'వెంట్' దాని సొంత రూపమే కాదు, 'వెండ్' అనే మరో పాత క్రియ నుంచి వచ్చి చేరింది. 'విల్' తర్వాత మాత్రం ఎప్పుడూ వీ1 రావాల్సిందే: ఐ విల్ గో, షీ విల్ గో. 'షీ విల్ గోస్' తప్పు. యామ్, ఈజ్, వాజ్, వర్ అంటూ ఇన్ని వేషాలేసే క్రియ కూడా ఇక్కడ బుద్ధిగా 'విల్ బి' అయిపోతుంది.

అపోహ: అయితే భవిష్యత్తుకు వీ3తో పనే లేదు.

వాస్తవం: ఉంది. విల్ గో, విల్ బి గోయింగ్, విల్ హావ్ గాన్, విల్ హావ్ బీన్ గోయింగ్ అనే నాలుగింటిలో మూడోది చూడండి. 'మీరు వచ్చేసరికి నేను వెళ్ళిపోయి ఉంటాను' అనాలంటే 'ఐ విల్ హావ్ గాన్ బై ద టైమ్ యు కమ్'. ఇక్కడ 'విల్ హావ్ వెంట్' అని రాస్తే మార్కులు పోతాయి.

అపోహ: ఐ, వియ్ పక్కన 'షల్' రాయకపోతే తప్పు.

వాస్తవం: ఐ, వియ్‌లకు 'షల్', మిగతావాటికి 'విల్' అనేది 1653లో జాన్ వాలిస్ తన ఇంగ్లీషు వ్యాకరణంలో పెట్టిన విభజన. ఇప్పుడు అందరికీ 'విల్' చెల్లుతుంది. 'షల్ వియ్ గో?' అని అడగడానికీ, చట్టాల్లో విధిగా జరగాల్సింది చెప్పడానికీ 'షల్' మిగిలింది.

అపోహ: రేపటి సంగతికి 'విల్' తప్పనిసరి.

వాస్తవం: టికెట్ కొనేసి ఉంటే 'ఐ యామ్ గోయింగ్ టు విజయవాడ టుమారో' అనడమే సహజం. రైలు టైంటేబుల్‌కు 'ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్' చాలు. 'అక్కడికి వెళ్ళాక ఫోన్ చేస్తాను' అన్నదాంట్లోనూ 'విల్' ఒక్కసారే: 'వెన్ ఐ గో దేర్, ఐ విల్ కాల్ యు'.

అపోహ: 'వెళ్తాను' అంటే 'ఐ విల్ గో'.

వాస్తవం: మనవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. తెలుగులో 'రోజూ వెళ్తాను', 'రేపు వెళ్తాను' రెంటికీ క్రియ ఒకటే. ఆ అలవాటుతోనే 'డైలీ ఐ విల్ గో టు ఆఫీస్' అనేస్తాం. ఇంగ్లీషు వారికి అది ఇకమీదట రోజూ వెళ్తానని మాటిచ్చినట్టు వినిపిస్తుంది. అలవాటు చెప్పడానికి 'ఐ గో టు ఆఫీస్ డైలీ' సరిపోతుంది. అనుమానం వస్తే మీ తెలుగు వాక్యానికి ముందు 'రోజూ' చేర్చి చూడండి. మీరు చెప్పదలచుకున్నది అదే అయితే 'విల్' కొట్టేయండి.