బొక్కల పొడికి వేలు, బొక్కలు ఏరెటోనికి ఏంది?

మా దిక్కు కాలు ఇరిగినోన్ని చూడవోతె మొదాలు చెప్పే మాట, ‘పాయ తాగియ్యుండ్రి’. బొక్కకు బొక్కనే మందని మనోళ్ల నమ్మకం. పాయ పోయి ఇరిగిన కాడ అతుక్కోదు గనీ, ఆ మాటల కొంత నిజమున్నదని పోయినేడు ఎరుకైంది.

దవడ పన్ను పీకినంక అక్కడ బొక్క అరిగిందని పండ్ల డాక్టర్ ఆ గుంతల తెల్లపొడి నింపిండు. చిన్న సీసా, అర గ్రాము. బిల్లు వేలల్ల. ఏంది సార్ ఇది అంటే ‘బోన్ గ్రాఫ్ట్’ అన్నడు. దేని బొక్క అని రెండోపారి అడిగితే గనీ చెప్పలే, ఆవుదని.

ఇది కొత్త ముచ్చట గాదు. పశువుల బొక్కతోని చేసిన ‘బయో-ఆస్’ను స్విట్జర్లాండ్ కంపెనీ గీస్ట్‌లిక్ ఎన్నో ఏండ్ల సంది అమ్ముతున్నది. దీని వెనుక లెక్క సాదాసీదానే. బొక్కల దాదాపు మూడింట రెండు వంతులు హైడ్రాక్సీఅపటైట్ అనే ఖనిజం, అంటే కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన గట్టి పదార్థం. మిగిలింది కొల్లాజెన్ ప్రొటీను, నీళ్లు. గొడ్డుదైనా, మేకదైనా, మనదైనా ఆ ఖనిజం దగ్గర దగ్గర ఒక్క తీరే. కొవ్వు, మూలుగ పోయేదాక ఉడికిచ్చి కడిగి, కొలిమిల 600 డిగ్రీలు దాటించి కాలిస్తే ప్రొటీనంత పోతది. ముందు బొగ్గు లెక్క నల్లగైతది, ఇంకింత కాల్తె సున్నం లెక్క తెల్లగైతది. లోపలి సన్న రంధ్రాలు మాత్రం అట్లనే ఉంటయ్. పందిరికి తీగ పాకినట్టు ఆ రంధ్రాలల్లకు మన కణాలు పాకి కొత్త బొక్క కట్టుకుంటయ్. మంట మరీ ఎక్కువైతే రేణువులు ఒకదాన్నొకటి అంటుకొని రంధ్రాలు మూసుకపోతయ్, ఇగ అది ఒంట్ల తొందరగ కరగని రాయి. పనితనమంత ఆ మంట కాడనే ఉన్నది.

దీంతోని తొడబొక్క నిలబెడతమంటే కాదు. పెళుసు సరుకు, బరువు మోయదు. దవడ గుంతలకు, చిన్న ఖాళీలకు పనికొస్తది. లేకుంటే మన నడుముబొక్క నుంచే ముక్క తియ్యాలె, ఇంకో గాయం.

అసలు కిరికిరి కొలిమి కాడ లేదు, సంచి కాడ ఉన్నది. 1986ల బ్రిటన్‌ల బయటపడ్డ మ్యాడ్ కౌ రోగం మనుషులకు గూడ సోకింది. దానికి కారణమైన ప్రియాన్ మామూలు ఉడుకుకు చావదు. అందుకే మందుకు వాడే బొక్క ఏ పశువుది, ఏడికెల్లి వచ్చింది, కోసేముందు పశువుల డాక్టర్ చూసిండా అనే కాగితం ఉండాలె. మన కటికె దుకాణాల కాడ? గొర్రెది, బర్రెది అంత ఒక్కటే గోనె సంచిల. అవి జిగురుకు, ఎరువుకు, జెలటిన్‌కు పోతయ్. అంతకు మించి విలువ రమ్మంటే యాడికెల్లి వస్తది?

ఆ సంచి మోసేటోని చేతులకు గ్లౌజులుండయ్. పక్కన నిలబడితే మనం ముక్కు మూసుకుంటం. 2016ల గుజరాత్‌ల ఊనా కాడ చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత పిలగాండ్లను బండికి కట్టేసి కొట్టిన్రు. తర్వాత సురేంద్రనగర్‌ల దళితులు కళేబరాలు తెచ్చి కలెక్టరాఫీసు ముంగట పడేసిన్రు. ఆ పనికి చేతులు కావాలె గనీ ఆ మనుషులు వద్దా?

బొక్క మందుగ మారాలంటే మొదటి నిపుణుడు ల్యాబుల కాదు, కబేళల ఉండాలె. జీవాల వారీగ బొక్కలు వేరు చేసి, అదే రోజు కడిగి, రికార్డు రాసేటోడు. ఆ పని ఇప్పుడు ఏరుతున్నోళ్లకే నేర్పి, గుర్తింపు కార్డు, ధనుర్వాతం సూది, నెల జీతం ఇయ్యాలె. కోట్లు పెట్టి ల్యాబు కట్టి, సరుకు మాత్రం పాత గోనె సంచి నుంచే తెస్తే ఏ డాక్టరూ నమ్మడు.

నన్ను ముందుగాల అడిగుంటే ఆవుదైనా పెట్టుమందును. ఇంకొకరు వద్దనొచ్చు, వాళ్లకు జీవానిది కాని సింథటిక్ పొడి కూడ దొరుకుతది. డాక్టర్ చెప్పకపోతే మీరే అడుగుండ్రి, సీసా తెరవకముందే.